కాలిన ఇల్లు, అరకొర మరమ్మతు

మంటలు ఆరి మూడు రోజులు కాకముందే కాలిన ఇంటి ముందు ఇసుక కుప్ప పడుతుంది. మహబూబాబాద్ జిల్లా మరిపెడలో అయినా తొర్రూరులో అయినా ఇదే తంతు. చుట్టాలు వచ్చి చూసిపోతుంటారు. నల్లబడిన గోడల మధ్య ఎవరినీ కూర్చోబెట్టలేరు. పిల్లలు పక్కింట్లో పడుకుంటుంటారు. ఎన్నాళ్లని అలా? తెలిసిన మేస్త్రికి కబురు పెట్టి, మసి గీకించి, ఊడిన చోటల్లా సిమెంటు కొట్టించి, లప్పం పెట్టించి, రంగు వేయిస్తారు. పండుగ నాటికి ఇల్లు కళకళలాడుతుంది. ఒక వానాకాలం గడిచేసరికి వంటగది స్లాబు కింద పూత పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. తెల్లటి గోడ మీద పసుప్పచ్చ మరకలు తేలతాయి. ఉక్కపోసిన రాత్రి గదిలో మళ్లీ పొగ వాసన వస్తుంది. బీమా ఉన్నవాళ్లు అప్పుడు కంపెనీకి ఫోన్ చేస్తారు. క్లెయిమ్ ఎప్పుడో సెటిల్ చేశాం, ఫైలు మూసేశాం అన్న జవాబు వస్తుంది.

కంపెనీ మోసం చేసిందని ఇంటివాళ్లు, మేస్త్రి మోసం చేశాడని చుట్టాలు అంటారు. రెండూ నిజం కావచ్చు. కానీ మన దగ్గర ఇలాంటి తగాదాల్లో ఎక్కువ భాగం మేస్త్రి తాపీ పట్టకముందే ఒక కాగితం మీద ఓడిపోయినవే. ఏమేం బాగుచేయాలో సర్వేయర్ రాసుకునే జాబితా ఆ కాగితం. అందులో లేని పనికి డబ్బు రాదు, డబ్బు రాని పనిని ఎవరూ చేయించరు.

బీమా కంపెనీయే వచ్చి ఇల్లు బాగుచేసి ఇవ్వాలన్న నియమం ఎక్కడైనా ఉందా? ఉంది, కానీ అది కంపెనీ ఇష్టం. మన దేశంలో దశాబ్దాల పాటు నడిచిన స్టాండర్డ్ ఫైర్ పాలసీ షరతుల్లో ఒకటి, నష్టపరిహారం చెల్లించే బదులు ఆస్తిని తిరిగి కట్టించి ఇచ్చే హక్కును కంపెనీకి ఇస్తుంది. ఆ షరతులోనే ఒక మెలిక కూడా ఉంది: అచ్చం మునుపటిలాగే కట్టివ్వాల్సిన పని లేదు, పరిస్థితులు అనుమతించిన మేరకు, సహేతుకంగా సరిపోయేలా కడితే చాలు. ఖర్చు బీమా మొత్తాన్ని దాటనక్కర్లేదు. చదివితే ఒళ్లు మండే షరతే. అయితే మన కంపెనీలు ఈ హక్కును వాడుకునేది చాలా అరుదు. కూలీలనూ సిమెంటు బస్తాలనూ నెత్తికెత్తుకోవడం కన్నా బ్యాంకు ఖాతాలో డబ్బు వేసి తప్పుకోవడం వాటికి సుఖం.

ఈ షరతు వెనుక లండన్ చరిత్ర ఉంది. 1666లో ఆ నగరం కాలిపోయాక, నికొలస్ బార్బన్ అనే వ్యాపారి 1680ల మొదట్లో ఇళ్లకు అగ్ని బీమా మొదలుపెట్టాడు. వ్యాపారం పెరిగేకొద్దీ డబ్బు కోసం సొంత ఇంటికే నిప్పు పెట్టుకునేవాళ్లు తయారయ్యారు. దాంతో 1774లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. కాలిన ఇంటి మీద ఆసక్తి ఉన్నవాళ్లు కోరితే, బీమా సొమ్మును చేతికి ఇవ్వకుండా ఆ ఇల్లు తిరిగి కట్టడానికే ఖర్చు పెట్టాలన్నది అందులోని ఒక సెక్షన్. అంటే కట్టివ్వడమనే ఏర్పాటు ఇంటివాడి మీద నమ్మకం లేకపోవడంలోంచి కూడా పుట్టింది.

పశ్చిమ దేశాల్లో ఇప్పటికీ చాలా కంపెనీలు తమ కాంట్రాక్టర్లనే పంపుతాయి. కాబట్టి అక్కడ మరమ్మతు బాగాలేదంటే వేలు నేరుగా కంపెనీ వైపే చూపించవచ్చు. బ్రిటన్‌లోని ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ ఇలాంటి ఫిర్యాదుల్లో చూసేది, చేసిన మరమ్మతు పనికొచ్చేదా, నిలిచేదా అని. నిలవకపోతే మళ్లీ చేయించాల్సింది కంపెనీయే. కాంట్రాక్టర్‌ను తామే ఎంచి పంపినప్పుడు పని నాణ్యతకు బాధ్యత తమదేనని ఆస్ట్రేలియా బీమా కంపెనీలు తమ ప్రవర్తనా నియమావళిలో రాసుకున్నాయి. బ్రిటన్ అంబుడ్స్‌మన్ పాటించే మరో సూత్రం మనవాళ్లు తెలుసుకోదగ్గది. మరమ్మతు చేయగలిగి ఉండీ కంపెనీ తన సౌకర్యం కోసం డబ్బిచ్చి తప్పుకుంటే, తన కాంట్రాక్టర్‌కు పడే టోకు ధర కట్టడం కుదరదు. బజారులో ఇంటివాడికి ఎంత పడుతుందో అంత ఇవ్వాలి.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఇంకో రకం చిక్కు. అక్కడి చాలా పాలసీల్లో మొదటి చెక్కు తరుగు పోను వస్తుంది. పని పూర్తి చేయించి బిల్లులు చూపిస్తేనే మిగతాది. ఇంటి మీద అప్పు ఉంటే చెక్కు మీద బ్యాంకు పేరు కూడా ఉంటుంది. మొత్తం దగ్గర తేడా వస్తే, ఇద్దరూ చెరో మదింపుదారుణ్ణి పెట్టుకుని, వాళ్లిద్దరూ ఒక మధ్యవర్తిని ఎంచుకునే పద్ధతి 1943 నాటి న్యూయార్క్ ప్రామాణిక పాలసీలోనే ఉంది. 2025 జనవరి 7న లాస్ ఏంజెలిస్‌లో రేగిన పాలిసేడ్స్, ఈటన్ మంటలు 16 వేలకు పైగా కట్టడాలను బూడిద చేశాయి. కానీ తర్వాత ఎక్కువ రచ్చ జరిగింది కాలకుండా మిగిలిన ఇళ్ల మీద. గోడలు నిలబడే ఉన్నాయి, లోపలంతా పొగ, విషపు ధూళి. కంటికి కనబడితేనో ముక్కుకు తగిలితేనో తప్ప పొగ నష్టాన్ని లెక్కలోకి తీసుకోనన్న కాలిఫోర్నియా ఫెయిర్ ప్లాన్ అనే బీమా సంస్థ షరతు చట్టవిరుద్ధమని అక్కడి కోర్టు అదే ఏడాది జూన్‌లో తేల్చింది. మరిపెడలో ఒక గది కాలిన ఇంట్లోనూ అదే ప్రశ్న: మసి పట్టని పక్క గది బాగున్నట్టేనా?

మరిపెడలో ఇల్లంటే చాలా రకాలు. వరంగల్, ఖమ్మం రహదారి మీద బంగ్లా సెంటర్ దగ్గర ముందు షట్టర్, వెనుక కాపురం. కాస్త లోపలికి వెళ్తే స్లాబు ఇళ్లు, పెంకుటిళ్లు, సిమెంటు రేకుల ఇళ్లు. తండాల్లో ఇంకా అక్కడక్కడా తాటాకు, గడ్డి కప్పులు. 2016 అక్టోబర్ 11న మహబూబాబాద్ జిల్లా ఏర్పడే దాకా ఇదంతా వరంగల్ జిల్లా. మిర్చి, పత్తి, వరి పంటలు. మిర్చి కోతకొచ్చి, ధర కోసం కొందరు బస్తాలు ఇంట్లోనే పెట్టుకునే నెలలే నిప్పు ప్రమాదాలకూ కాలం. బీమా దృష్టిలో ఇవన్నీ ఒకటి కావు. ఇంటి పాలసీ కాపురం ఉండే ఇంటికి, ఇంటి సామానుకు. షట్టర్‌లోని సరుకుకు భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష లాంటి వేరే పాలసీ కావాలి. అమ్మకానికి పెట్టుకున్న మిర్చి బస్తాలు ఇంటి సామాను కింద రావు. తాటాకు, గడ్డి, వెదురు, టార్పాలిన్ కప్పులను పాలసీ కచ్చా కట్టడాలని విడిగా నిర్వచిస్తుంది. బీమా రాసేటప్పుడు ఇంటి రకం తప్పుగా పడితే మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది.

బీరువాలో దాచిన నోట్లకూ పాలసీ వర్తించదు. నగలకు కావాలంటే ముందే విడిగా చెప్పి రాయించుకోవాలి. కాలిన నోట్లను ఊరి బ్యాంకు తీసుకోదు, బాగా కాలి పెళుసెక్కినవాటిని రిజర్వు బ్యాంకు ఇష్యూ కార్యాలయంలో ఇవ్వాలి. మనకైతే హైదరాబాద్ సైఫాబాద్‌లోనిది. పత్తి అమ్మిన డబ్బు కాలినవాళ్లు వాటిని చెత్తలో పారేయకుండా ఉన్నవి ఉన్నట్టు డబ్బాలో పెట్టుకోవడం మంచిది. దులిపితే పోయేది నోటే.

ఇక సర్వేయర్ సంగతి. భూమి కొలిచే సర్వేయర్ కాదు, నష్టం లెక్కగట్టే లైసెన్సు ఉన్న మనిషి. 1938 నాటి బీమా చట్టం 64యూఎం సెక్షన్ కింద, నిర్ణీత మొత్తం దాటిన క్లెయిముల్లో ఇతని నివేదిక తప్పనిసరి. ఫీజు ఇచ్చేది కంపెనీ, కానీ పని రెండు పక్షాలకూ నిష్పాక్షికంగా ఉండాలని నిబంధనలు చెబుతాయి. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ తెలిపిన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి, 15 రోజుల్లో నివేదిక రావాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. ఈ గడువులు ఇంటివాడి మేలుకే పెట్టారు. కానీ ఆ 15 రోజుల్లో నిద్రపోయినవాడి జాబితా కూడా అంతే వేగంగా తేలిపోతుంది.

ఒక ఇంటిని ఊహించుకుందాం. మూడు గదుల స్లాబు ఇల్లు. వంటగదిలో మంట పుట్టి పక్క గది తలుపు దాకా వచ్చి ఆగింది. సర్వేయర్ వస్తాడు, ఫొటోలు తీసుకుంటాడు, టేపు పెడతాడు. జాబితా ఇలా తయారవుతుంది: వంటగది పైకప్పు ప్లాస్టరింగ్ ఇన్ని చదరపు అడుగులు, గోడల రంగు ఇన్ని, తలుపు ఒకటి, కిటికీ ఒకటి, వంటగది వైరింగ్, ఫ్యాను, మిక్సీ, గ్యాస్ పొయ్యి. మొత్తం రెండున్నర లక్షలు. ఇంటాయన అంచనా ఆరు లక్షలు. ఇక్కడ అందరూ చేసేది మొత్తం మీద బేరమాడటం. కనీసం నాలుగు ఇప్పించండి సార్ అంటారు. సర్వేయర్ ఒక పాతికవేలు పెంచుతాడు. వచ్చిందే దక్కుదల అనుకుని సంతకం పెడతారు. నిజానికి అడగాల్సింది మొత్తం కాదు. ఆ జాబితాలో ఏ పని లేదో అది.

మొదట లేకుండా పోయేది స్లాబు. ప్లాస్టరింగ్ అని రాశారంటే లోపలి కాంక్రీటు బాగుందని ఒప్పుకున్నట్టే. అది బాగుందో లేదో కంటితో తేల్చలేరు. కాంక్రీటు 300 డిగ్రీలు దాటి వేడెక్కితే, వాడిన కంకర రకాన్ని బట్టి, గులాబీ ఛాయకు తిరుగుతుంది. 600 దాటితే బూడిద తెలుపు. ఆ పాటికి బలం బాగా పడిపోయి ఉంటుంది. చువ్వల మీది కవరింగ్ విడిపోతుంది. 600 డిగ్రీలు దాటిన చువ్వ చల్లారాక కూడా మునుపటి బలానికి రాకపోవచ్చు. అనుభవమున్న మేస్త్రి సుత్తి పిడితో స్లాబు అడుగున కొట్టుకుంటూ పోతాడు. గట్టి చోట ఖంగుమంటుంది, విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. ఆ డొల్లగా మోగిన చోట్ల చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, టేపు పక్కన పెట్టి ఫొటో తీసుకుంటే అది సగం సాక్ష్యం. మిగతా సగం రిబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు, అవసరమైతే కోర్ తీసి పరీక్షించడం. 1959లో రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన వరంగల్ ఎన్ఐటీలో సివిల్ ఇంజనీరింగ్ విభాగం ఉంది, ప్రైవేటు ల్యాబులూ ఉన్నాయి. మొత్తం కప్పు కూల్చాలని పరీక్ష చెప్పకపోవచ్చు. ఎక్కడ చెక్కాలో, ఎక్కడ చువ్వ మార్చాలో, ఎక్కడ రంగు చాలో చెబుతుంది. అప్పుడు జాబితాలో ప్లాస్టరింగ్ అన్న ఒక్క పద్దు మూడు పద్దులవుతుంది.

ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ తప్పనిసరిగా అమ్మాల్సిన భారత్ గృహ రక్ష పాలసీలో, ఆర్కిటెక్టు, ఇంజనీరు ఫీజులకు క్లెయిమ్ మొత్తంలో 5 శాతం దాకా, శిథిలాలు ఎత్తి పోయడానికి 2 శాతం దాకా ఇస్తారు. నాలుగు లక్షల క్లెయిమ్ అయితే 20 వేలు, 8 వేలు. అడిగితేనే ఇస్తారు. చాలా జాబితాల్లో ఈ రెండు పద్దులూ కనబడకపోవడానికి కారణం కంపెనీ దుర్మార్గం కన్నా ఇంటివాళ్ల దగ్గర బిల్లులు లేకపోవడమే. ట్రాక్టర్‌కు డబ్బిచ్చి చీటీ తీసుకోరు.

రెండోది వైరింగ్. వంటగది వరకు అని రాస్తారు. కానీ వైర్లు గదిని చూసి ఆగవు. పైపులోంచి పోయిన వేడికి పక్క గదిలోని వైరు తొడుగు కూడా పెళుసెక్కి ఉండొచ్చు. ఎలక్ట్రీషియన్ వైరు తొడుగును పరీక్షించే మెగ్గర్ పెట్టి చూసి రాసిచ్చిన కాగితం ఒకటి ఉంటే ఈ పద్దు మీద వాదనే ఉండదు. పీవీసీ కాలినప్పుడు వచ్చే వాయువులో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. అది తేమతో కలిస్తే ఆమ్లం. మంట సోకని ఫ్రిజ్, టీవీ కొన్నాళ్లకు లోపల తుప్పు పట్టి మొరాయించడం వెనుక చాలాసార్లు ఉండేది ఇదే. పని చేస్తోందా అని సర్వేయర్ స్విచ్ వేసి చూస్తాడు, చేస్తోంది అని రాసుకుంటాడు. ఆ రోజు చేస్తుంది మరి.

మసి మీద లప్పం పెట్టడం మూడో పొరపాటు. పొగలో నూనె ఉంటుంది. కడగకుండా, మరకను ఆపే ప్రైమర్ కొట్టకుండా రంగు వేస్తే కింది మరక పైకి తేలుతుంది. కాబట్టి రంగు అన్న పద్దుకు ముందు కడగడం, ప్రైమర్ అన్న రెండు పద్దులు ఉండాలి. ఫైరింజన్ పోసిన నీళ్లు నేల బండల కిందికి, గోడల్లోకి దిగి ఉంటాయి. అదీ అగ్ని నష్టమే. సిమెంటు రేకులైతే మంటకు పేలి ముక్కలవుతాయి, ఆ ముక్కలు పడి పక్కింటి కప్పు పగిలితే అది వేరే తగువు.

ఈ జాబితా తగువు తేలేలోపు ఇంటిని అలాగే వదిలేయమని కాదు. నష్టం పెరగకుండా చూడాల్సిన బాధ్యత పాలసీదారుడిదే. కప్పు మీద టార్పాలిన్ కప్పాలి, వేలాడుతున్న పెచ్చులు దించాలి, ముందు ఫొటో, తర్వాత పని. కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి చేస్తే ఇంకా మంచిది. ఫోన్ మాటలు ఎక్కడా నిలవవు. ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే అద్దె ఇంటి ఖర్చు కూడా గృహ రక్షలో ఉంది. పక్కింట్లోనో బావమరిది ఇంట్లోనో సర్దుకునే మన అలవాటు వల్ల ఆ పద్దు కంపెనీకి మిగిలిపోతోంది.

పాత స్టాండర్డ్ ఫైర్ పాలసీకీ కొత్త గృహ రక్షకూ ఒక పెద్ద తేడా ఉంది. పాతదాంట్లో ప్రత్యేక క్లాజు పెట్టించుకోకపోతే, ఇంటి వయసును బట్టి తరుగు తీసేసి ఇచ్చేవాళ్లు. క్లాజు ఉన్నా, ఖర్చు పెట్టి పని చేయించేదాకా తరుగు పోను విలువే. 12 నెలల్లో పని పూర్తి చేయాలి. ఇంటి విలువ 20 లక్షలైతే 10 లక్షలకే బీమా చేయించినవాడికి, రెండు లక్షల నష్టానికి ఒక లక్షే వచ్చేది. భారత్ గృహ రక్షలో ఈ తక్కువ బీమా కోత లేదు. కార్పెట్ ఏరియాను నిర్మాణ ఖర్చుతో హెచ్చించి బీమా మొత్తం కట్టాలి, దాంట్లో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సామానుకు దానంతటదే వర్తిస్తుంది. ఇంతకంటే ఇంటివాడి పక్షాన నిలబడ్డ పాలసీ మన దేశంలో సామాన్యుడికి ఎన్నడూ రాలేదు. విచారమేమంటే, గృహరుణం తీసుకున్నప్పుడు బ్యాంకు చేయించినదే తమ బీమా అనుకునేవాళ్లకు అందులో ఏముందో తెలియదు. కాగితం బ్యాంకు ఫైల్లో ఉంటుంది. చాలాసార్లు బీమా మొత్తం అప్పు మేరకే ఉంటుంది. ఒప్పందంలోని బ్యాంకు క్లాజు వల్ల సొమ్ము ముందు బ్యాంకుకే పోతుంది. అప్పు ఖాతాలో జమ చేసుకోకుండా మరమ్మతుకు విడుదల చేయమని బ్యాంకును రాతపూర్వకంగా అడగాల్సిన పని ఇంటివాడిది.

సంతకం దగ్గరికొద్దాం. పూర్తి, తుది పరిష్కారం కింద పుచ్చుకున్నాను అన్న వోచర్ మీద సంతకం పెడితేనే డబ్బు అంటారు. ఇల్లు కాలినవాడు పెట్టకేం చేస్తాడు? అజ్మీర్ సింగ్ కాటన్ అండ్ జనరల్ మిల్స్ కేసులో 1999లో సుప్రీంకోర్టు ఈ పరిస్థితినే చూసింది. వోచర్ మీద సంతకం ఉన్నంత మాత్రాన దారి మూసుకుపోదు. మోసం, తప్పుడు సమాచారం, ఒత్తిడి వల్ల సంతకం పెట్టానని చూపగలిగితే మిగతా సొమ్ము అడగొచ్చు. 2015 సెప్టెంబర్‌లో ఐఆర్‌డీఏఐ కూడా, వోచర్ సంతకం పాలసీదారుడి హక్కును హరించదని కంపెనీలకు సర్క్యులర్ పంపింది. అయితే ఏమీ అనకుండా సంతకం చేసి, డబ్బు ఖర్చు పెట్టుకుని, రెండో వానాకాలానికి గుర్తొచ్చి అడిగేవాడి మాట నెగ్గడం కష్టం. అదే రోజు, లేదా ఆ వారంలోనే, ఫలానా ఫలానా పనులు లెక్కలోకి రాలేదు, అభ్యంతరంతో తీసుకుంటున్నాను అని ఒక మెయిల్ పంపినవాడి కథ వేరు.

సర్వేయర్ మాటే వేదమా? 2009లో ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కాదంది. ఆ నివేదిక ముఖ్యమైన ఆధారమే, కానీ పక్కనపెట్టలేనంత పవిత్రమైనదేమీ కాదు. అదే ఏడాది శ్రీ వేంకటేశ్వర సిండికేట్ కేసులో, నచ్చిన నివేదిక వచ్చేదాకా కంపెనీ సర్వేయర్ల మీద సర్వేయర్లను మారుస్తూ పోకూడదనీ, కారణం చెప్పాలనీ తేల్చింది. నివేదిక నకలు అడిగి తీసుకోవడం పాలసీదారుడి హక్కు. ఆశ్చర్యంగా, తగాదా పడేవాళ్లలో కూడా చాలామంది ఆ నివేదికను చదవరు, వచ్చిన మొత్తాన్నే చూస్తారు.

మంట ఎలా పుట్టిందో తేలలేదని క్లెయిమ్ ఆపడం మరో పాత ఎత్తు. 2023లో ముదిత్ రోడ్‌వేస్ కేసులో, పాలసీదారుడు తానే నిప్పు పెట్టనంతవరకు కారణం ముఖ్యం కాదని సుప్రీంకోర్టు చెప్పింది. మిర్చి రైతులకు దగ్గరగా ఉండే కేసు బళ్లారిది. 2014 జనవరిలో అక్కడి కోల్డ్ స్టోరేజీ కాలిపోయి బ్యాడగి మిర్చి సహా రైతుల సరుకు పోయింది. పాలసీ కోల్డ్ స్టోరేజీ పేరు మీద ఉంది, రైతులకు అప్పులిచ్చింది కెనరా బ్యాంకు. రైతులతో మాకు సంబంధమే లేదంది బీమా కంపెనీ. 2020 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు రైతుల పక్షాన నిలిచింది. వాళ్లూ వినియోగదారులే, ఆ పాలసీ లబ్ధిదారులే అని. ఆరేళ్లు పట్టింది.

ఫిర్యాదుకు మెట్లున్నాయి. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి, తర్వాత ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్‌కు, లేదా 155255కు. నెల దాకా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కు. రెండు తెలుగు రాష్ట్రాలకూ యానాంకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 2023 నవంబర్ నుంచి 50 లక్షల దాకా తీర్పివ్వగలరు. ఆ తీర్పుకు కంపెనీ కట్టుబడాలి, నచ్చకపోతే ఫిర్యాదుదారుడు వేరే చోటికి పోవచ్చు. తరుగు ఎక్కువ కోశారు, అద్దె ఇవ్వలేదు, శిథిలాల ఖర్చు వదిలేశారు లాంటి లెక్కల తగువులకు ఇంతకన్నా మంచి చోటు లేదు. స్లాబు బలం మీద ఇద్దరు ఇంజనీర్లు రెండు మాటలు చెప్పే తగువైతే వినియోగదారుల కమిషనే నయం. అక్కడ అఫిడవిట్లు, నిపుణుల నివేదికలు నడుస్తాయి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఏ కమిషన్‌కు పోవాలో తేల్చేది అడిగే నష్టపరిహారం కాదు, కట్టిన ప్రీమియం. ఇంటి పాలసీ ప్రీమియం ఎంత ఉన్నా వేలల్లోనే కాబట్టి ఫిర్యాదు జిల్లా కమిషన్‌లోనే పడుతుంది, ఫీజు ఉండదు. ఈ పద్ధతి చెల్లుతుందని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. తాను ఉండే చోటే ఫిర్యాదు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా పర్వాలేదు. గడువు రెండేళ్లు. చట్టంలో రాసిన మూడు నెలల్లో తీర్పు రావడం మాత్రం ఆశ పెట్టుకోదగ్గ విషయం కాదు.

ఇంత చెప్పుకున్నాక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. మరిపెడ మండలంలో నిప్పంటుకునే ఇళ్లలో చాలావాటికి అసలు పాలసీయే ఉండదు. అలాంటి ఇళ్లకూ రెండు దారులున్నాయి, రెండూ ఇరుకువే. మంటకు మూలం గ్యాస్ సిలిండరే అయితే ఆయిల్ కంపెనీలు తీసుకునే బీమా ఉంది. కనెక్షన్ నమోదైన చిరునామాలో ఆస్తి నష్టానికి ప్రమాదానికి గరిష్ఠంగా 2 లక్షలు, ప్రాణం పోతే మనిషికి 6 లక్షలు. ప్రీమియం వినియోగదారుడు కట్టడు, అందుకే చాలామందికి తెలియదు. వెంటనే డీలర్‌కు రాసివ్వాలి, పోలీసు కాగితం కావాలి, గొట్టం గడువు తీరిందా అని చూస్తారు.

రెండోది సర్కారు సాయం. విపత్తు సహాయ నిధి నిబంధనల్లో అగ్నిప్రమాదం కూడా ఉంది. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000, గుడిసెకు 8,000, పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500, కచ్చా ఇంటికి 4,000, బట్టలకు 2,500, వంటపాత్రలకు 2,500 రూపాయలు. 2022లో కేంద్రం ఇచ్చిన లెక్కలివి. 2024 సెప్టెంబర్ 1న ఆకేరు పొంగి మరిపెడ మండలం సీతారాం తండాను ముంచెత్తినప్పుడు ఈ లెక్కలన్నీ జనం నోళ్లలో నానాయి. ఇక్కడా జాబితాదే పెత్తనం. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ పంచనామాలో కొంత దెబ్బతిన్నది అని రాస్తే 6,500, పూర్తిగా పోయింది అని రాస్తే 1,20,000. పగుళ్లిచ్చి నిలబడ్డ గోడ ఏ గడిలోకి వస్తుందో ఆ పూట అక్కడ నిలబడి అడిగినవాళ్లకే తెలుస్తుంది. పంచనామా, ఫైర్ సర్టిఫికెట్, పోలీసు కాగితం, మూడింటి నకళ్లూ తీసుకోవాలి. బీమా ఉన్నవాళ్లకూ అవే పునాది.

చివరికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చినా తాపీ పట్టేది మేస్త్రే. కంపెనీ డబ్బిచ్చేసి, మేస్త్రిని ఇంటివాడే ఎంచుకున్నప్పుడు, పని చెడితే కంపెనీని అడగలేరు. మేస్త్రినే అడగాలి. ఇల్లు కట్టడం, బాగుచేయడం కూడా వినియోగదారుల చట్టం కింద సేవే, ఫిర్యాదు వేయొచ్చు. కానీ నోటిమాట మీద గుత్తకు ఇచ్చిన పనికి ఆధారం ఏముంటుంది? తెల్లకాగితం మీదైనా సర్వేయర్ జాబితాలోని పద్దులే వరుసగా రాసి, ఒక్కోదానికి ఎంతో రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, చెక్కిన స్లాబు మీద సిమెంటు పడకముందు ఒకసారి, చువ్వలు శుభ్రం చేశాక ఒకసారి ఫొటోలు తీసుకుని, డబ్బు ఆ దశల ప్రకారం ఫోన్‌పేలోనో బ్యాంకులోనో ఇస్తే మేస్త్రికీ ఇబ్బంది ఉండదు. మంచి మేస్త్రులు దీనికి అభ్యంతరం చెప్పరు. కంపెనీ తప్పించిన పద్దుల మీద తగువు ఇంకా నడుస్తుంటే ఈ కాగితం, ఈ చెల్లింపులే రేపు అంబుడ్స్‌మన్ ముందు ఖర్చు లెక్క అవుతాయి. ఒక్క జాగ్రత్త: స్లాబు పరీక్ష ఫలితం రాకుండా దాని కింద ఆసరాగా పెట్టిన సెంట్రింగ్ చెక్కలు దించమన్నా, పై పూత కానిచ్చేద్దామన్నా, పండుగ వారం ఆలస్యమైనా సరే, వద్దనాలి.